మెదడుకీ రిటైర్మెంటు ఇప్పించండి: ఢిల్లీ పెద్దలకు పన్నెండు చిట్కాలు

అరవై ఏళ్ళు నిండగానే సర్కారు మిమ్మల్ని ఇంటికి పంపింది. శాలువా కప్పింది, గోడగడియారం చేతిలో పెట్టింది, గ్రాట్యుయిటీ లెక్క తేల్చింది. మరి మెదడు సంగతేమిటి? అది ఇంకా డ్యూటీలోనే ఉంది. పెన్షను మీకు, చాకిరీ దానికా? ఇదేం న్యాయం?

దాన్ని ఇంకా పనిచేయించమని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. 2024లో లాన్సెట్ కమిషన్ మధుమేహం, బీపీ, వినికిడి లోపం, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం లాంటి 14 కారణాల జాబితా వేసింది. వాటిని సరిదిద్దుకుంటే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను తప్పించవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు అని లెక్క చెప్పింది. జాబితా చూసి కంగారు పడకండి. అది మనకు తయారుగా దొరికిన సిలబస్. ఏవి వద్దన్నారో అవన్నీ అందులో వరసగా రాసి ఉన్నాయి.

ద్వారక నుంచి ఇందిరాపురం దాకా, మయూర్ విహార్ నుంచి గుర్గావ్ దాకా ఉన్న మన తెలుగు పెద్దలందరికీ పనికొచ్చేలా ఈ చిట్కాలు రాశాను. ఖర్చు లేదు. చెమట అసలే లేదు.

1. ముందు అంకెలు చూసి ధైర్యం తెచ్చుకోండి

లాసీ-డాడ్ అనే జాతీయ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని అంచనా. రాష్ట్రాల వారీగా చూస్తే జమ్మూ కశ్మీర్‌లో 11 శాతం, ఢిల్లీలో 4.5 శాతం. అన్నిటికన్నా తక్కువ మనదే! ఇక పేపరు మడిచేయండి. ‘అది ఊరి సగటు మామయ్యగారూ, మీ సర్టిఫికెట్ కాదు’ అని అల్లుడు అంటాడు. అల్లుడి మాట ఎప్పుడు విన్నారు గనక?

ఇంకా ధైర్యం చాలకపోతే బల్లభ్‌గఢ్ పేరు చెప్పండి. 1990లలో అక్కడి పల్లెల్లో 55 ఏళ్ళు దాటిన 5,126 మందిని ఇండో-అమెరికన్ బృందం ఒకటి పరీక్షించింది. డిమెన్షియా ప్రపంచంలోనే అతి తక్కువ అనదగ్గ స్థాయిలో కనిపించింది. ఆ ఊరు ఎన్‌సీఆర్‌లోనే ఉంది. 2018 నవంబరు నుంచి వయొలెట్ లైన్ మెట్రో నేరుగా వెళ్తోంది. ఓసారి సీట్లో కూర్చుని వెళ్ళి, ఆ గాలి పీల్చుకుని, అదే సీట్లో కూర్చుని వచ్చేయండి. జబ్బుపడినవాళ్ళు అక్కడ ఎక్కువకాలం బతకకపోవడం వల్ల కూడా లెక్క తగ్గి ఉండొచ్చని పరిశోధకులే అన్నారు. ఆ పేరా చదవకండి.

2. వాకింగ్ ఎగ్గొట్టడానికి పంచాంగం రాసుకోండి

బద్ధకం అని ఒప్పుకోవడం నామోషీ. ఢిల్లీ వాతావరణం ఉన్నంతకాలం ఆ అవసరం రాదు. ఈ పట్టిక ఫ్రిజ్ మీద అంటించండి.

జనవరి: పొగమంచు, ఎదురుగా మనిషి కనపడడు. ఫిబ్రవరి: బడ్జెట్, టాక్స్ శ్లాబులు తేలేదాకా కాలు కదపలేం. మార్చి: పుప్పొడి, తుమ్ములు. ఏప్రిల్, మే, జూన్: ఎండ, వడగాలి. జులై, ఆగస్టు: వాన, రోడ్డు మీద నీళ్ళు. సెప్టెంబరు: డెంగీ దోమ. అక్టోబరు: రామలీల, దసరా, బంధువులు. నవంబరు, డిసెంబరు: ఏక్యూఐ.

నవంబరు కారణం మాత్రం బంగారం. గాలి కాలుష్యాన్ని లాన్సెట్ వాళ్ళే 2020లో తమ జాబితాలో చేర్చారు. అంకె 400 దాటి ‘తీవ్రం’ అని చూపించగానే ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి. గాలి బాగుపడ్డాక కూడా అదే చూపించవచ్చు, తేదీ ఎవరు చూడొచ్చారు? ‘పోనీ ఇంట్లోనే హాలుకీ వంటింటికీ మధ్య నడవండి’ అని మీ ఆవిడ అంటే, హాలు చిన్నగా కట్టారని డీడీఏని తిట్టండి.

3. పార్కుకి వెళ్ళక తప్పకపోతే ఓపెన్ జిమ్‌లో సీటు పట్టండి

కాలనీ పార్కుల్లో పసుపూ నీలం రంగుల ఇనుప యంత్రాలు పెట్టారు గదా, వాటిలో కాళ్ళతో తోసే యంత్రానికి వీపు ఆనించుకునే కుర్చీ ఉంటుంది. ఉదయం ఆరున్నరకే వెళ్ళి దాన్ని ఆక్రమించండి. తువ్వాలు పరవండి. పాదాలు పెడల్ మీద ఉంచండి గానీ తొయ్యకండి. ఎనిమిదో వేతన సంఘం మాట ఎత్తండి. ఫిట్‌మెంట్ ఎంత రావచ్చు, డీఏ కలుపుతారా కలపరా అని మొదలుపెడితే చుట్టూ ఉన్న నాలుగు యంత్రాలూ వాటంతటవే ఆగిపోతాయి. ఒక్క మాటతో పార్కు మొత్తాన్ని కూర్చోబెట్టిన ఘనత మీదే.

2011లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం గురించి ఎవరైనా చెబుతారు. 120 మంది పెద్దవాళ్ళను రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడు రోజులు, రోజుకి 40 నిమిషాలు చొప్పున ఏడాదిపాటు నడిచింది. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్ వాళ్ళలో దాదాపు 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టుకున్న రెండో జట్టులో అది కాస్త తగ్గింది. విషయం తేలిపోయింది. మీరు రెండో జట్టులో చేరండి. ఒళ్ళు విరుచుకోవడం మీకు ఎటూ వచ్చు.

4. అడుగులు లెక్కపెట్టే పట్టీని వాడుకోవడం నేర్చుకోండి

కొడుకు బెంగళూరు నుంచి చేతి పట్టీ పంపించి, ఫోన్‌లో మీ అడుగులు చూస్తున్నాడా? దానికీ ఉపాయం ఉంది. సోఫాలో కూర్చుని వేరుసెనక్కాయలు ఒలవండి. ఒలిచిన ప్రతి కాయకీ చెయ్యి ఒకసారి ఊపండి. అర్ధకిలో అయ్యేసరికి అడుగులు వేలల్లో పడతాయి, పప్పులు కడుపులో పడతాయి. చెయ్యి నొప్పి పుడితే పట్టీ తీసి పనమ్మాయికి కట్టండి. ఆమె నాలుగిళ్ళ మెట్లు ఎక్కి దిగేసరికి మీ గుండె వయసు నలభైకి దిగుతుంది. ‘నాన్నా, సూపర్!’ అని కొడుకు మెసేజ్ పెడతాడు. రెండు చేతులూ జోడించిన బొమ్మ పంపి పడుకోండి.

5. నడకకి ఒక గమ్యం పెట్టుకోండి

ఊరికే నడిస్తే విసుగు. అందుకని ఇండియా గేట్ దగ్గర ఆటో దిగండి. పచ్చిక మీద ఓ ఫొటో తీసుకుని ‘మార్నింగ్ వాక్’ అని గ్రూపులో పెట్టండి. అక్కణ్ణుంచి అశోకా రోడ్డు ఒకటో నంబరు దగ్గరే. అదే ఆంధ్రా భవన్. ఉదయమైతే టిఫిన్, మధ్యాహ్నమైతే అడిగినంత అన్నం, కందిపొడి, నెయ్యి. క్యూలో నిలబడ్డ సమయాన్ని వ్యాయామం ఖాతాలో రాసుకోండి. పప్పు మారు అడగడానికి చెయ్యి ఎత్తడం భుజాలకు మంచిది. ఆదివారం బిర్యానీ వారాంతపు శిక్షణ.

తిరుగు ప్రయాణంలో మెట్రో మెట్ల జోలికి పోకండి. జనక్‌పురి వెస్ట్‌లో 15 మీటర్లకు పైగా ఎత్తున్న ఎస్కలేటర్ పెట్టింది మీకోసమే. దాని మీద నిలబడి పక్కన మెట్లెక్కుతున్న ముసలాయన్ని చూసి జాలిపడండి.

6. జ్ఞాపకశక్తిని ఆవిడకి అప్పగించండి

మందులు వేసుకున్నానా, గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం, పెదనాన్నగారి మనవరాలి పేరేమిటి, ఆధార్ ఎక్కడ పెట్టాను: ఏది గుర్తు రాకపోయినా మూడు క్షణాలు కూడా ఆలోచించకండి. కుర్చీలోంచి కదలకుండా ‘ఏమేవ్’ అని పిలవండి. వంటింట్లోంచి జవాబు వస్తుంది. కొన్నాళ్ళకి ప్రశ్న గుర్తు పెట్టుకోవలసిన పని కూడా ఉండదు, ఆవిడే వచ్చి ‘మాత్ర వేసుకోలేదు కదూ’ అంటుంది. బీమా కాగితాలు, బ్యాంకు లాకరు, పాలవాడి లెక్క, ఏటీఎం పిన్ ఒక్కొక్కటిగా ఆవిడ బుర్రలోకి బదిలీ చేయండి. ఆవిడ బుర్ర రోజురోజుకీ పదునెక్కుతోందే అని అనుమానపడకండి. ఎవరిదో ఒకరిది పనిచేస్తే చాలదా?

ఎవరైనా ఏదైనా అంటే మన అష్టావధానం గురించి గర్వంగా చెప్పండి. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని, ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది ఇస్తుంటే, మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డొస్తుంటే, పక్కన ఒకాయన గంట కొడుతుంటే, అన్నిటికీ పద్యంలో జవాబిచ్చి, గంటలు ఎన్ని కొట్టారో లెక్క చెప్పి, చివర్లో పద్యాలన్నీ ధారణగా అప్పజెప్పే విద్య మనది. తిరుపతి వేంకట కవుల జాతి మనది! ఇలా ఆవేశంగా చెబుతుండగా కుక్కర్ ఎన్ని కూతలు కూసిందని ఆవిడ అడుగుతుంది. తెలీదనండి. జాతికి ధారణ ఉండగా మీకు విడిగా దేనికి?

7. సుడోకు పూరించండి, ఒకరోజు ఆలస్యంగా

పేపర్లో సుడోకు చూడగానే పెన్ను తియ్యకండి. రేపటి పేపర్లో జవాబు వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని నింపండి. ఒకటి రెండు గళ్ళు కావాలని కొట్టివేసి దిద్దండి, సహజంగా ఉంటుంది. తర్వాత కాగితాన్ని టీపాయ్ మీద, వచ్చినవాళ్ళకు కనపడేలా, అజాగ్రత్తగా పారేసినట్టు జాగ్రత్తగా పెట్టండి. తెలుగు పేపరు గళ్ళనుడికట్టుకీ ఇదే సూత్రం.

ఫోన్‌లో మెదడు ఆటలు ఆడతారా? ఏడాది చందా ఒకేసారి కట్టండి. డబ్బు కట్టగానే సగం తెలివి వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత మీకు బాగా వచ్చిన ఆటలో మొదటి మెట్టునే రోజూ ఆడండి. గెలుపు ఖాయం. తమ ఆటలు వయసుతో వచ్చే మతిమరుపును ఆపుతాయన్నట్టు ప్రకటనలు గుప్పించిన లూమోసిటీ కంపెనీ, 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కేసు తేల్చుకోవడానికి 20 లక్షల డాలర్లు కట్టింది. ప్రకటనల్ని నమ్మడం ఆపకండి. మనం నమ్మకపోతే వాళ్ళు ఆ జరిమానాలు ఎక్కణ్ణుంచి కడతారు?

8. మూడు భాషల్ని ఒకటికి కుదించండి

ఇది చాలా ముఖ్యం. ఢిల్లీ తెలుగువాడికి ఉన్న పెద్ద ప్రమాదం ఇదే: ఇంట్లో తెలుగు, సబ్జీవాలాతో హిందీ, బ్యాంకులో ఇంగ్లీషు. పొద్దున్న లేస్తే మెదడు ఒకదాన్ని అదిమిపట్టి ఇంకోదాన్ని పైకి తీస్తూనే ఉంటుంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక విషయం బయటపెట్టింది. ఒక్క భాషే వచ్చినవాళ్ళకన్నా, రెండో భాష కూడా మాట్లాడేవాళ్ళలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. చూశారా, బడికి వెళ్ళకపోయినా తప్పించుకోలేని ప్రమాదం!

కాబట్టి వెంటనే తగ్గించండి. కూరగాయల బండి వస్తే ఆవిణ్ణి పంపండి. ఆవిడ ‘భయ్యా, కల్ తో చాలీస్ థా’ అని పదిహేను నిమిషాలు వాదించి, కొత్తిమీర ఊరికే వేయించుకుని, మిగిలిన చిల్లర మనసులోనే లెక్క కట్టుకుని వస్తుంది. ఆ కష్టం మీకెందుకు? మనవడికి తెలుగు నేర్పబోకండి. వాడితో ఇంగ్లీషులో ‘గుడ్ బాయ్’ అనండి, మిగతా రోజంతా టీవీతో తెలుగులో మౌనంగా ఉండండి.

9. వినపడకపోయినా వినపడినట్టు తలూపండి

వినికిడి యంత్రం పెట్టుకుంటే ముసలివాళ్ళం అయిపోయామని నలుగురికీ తెలుస్తుంది. పెట్టుకోకపోతే అడిగిన దానికి పొంతన లేని జవాబు చెబుతారు, అప్పుడు ఇంకేదో అనుకుంటారు. రెండోదే గౌరవం. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ మధ్య ఉన్న 977 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్ళలో, వినికిడి యంత్రం వాడినవారికి మూడేళ్ళలో మెదడు చురుకుదనం తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది. అందుకే ఆ యంత్రాన్ని సొరుగులో, బ్యాటరీ వేరే సొరుగులో పెట్టండి. ‘గుయ్యిమని చప్పుడండీ’ అనే మాట ఎప్పుడూ నాలుక చివర ఉంచుకోండి. తెలుగువాళ్ళ దగ్గర ‘ఆఁ ఆఁ’, ఢిల్లీవాళ్ళ దగ్గర ‘హాఁ జీ, హాఁ జీ’. నూటికి తొంభై సంభాషణలు వీటితో గట్టెక్కుతాయి. మిగిలిన పదీ తప్పించుకోవడానికి స్నేహితుల్నే తగ్గించుకోండి. వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి ఒక రాజకీయ వీడియో పెడితే వాళ్ళే తగ్గుతారు.

10. బీపీ మాత్రను మీ ఇష్టప్రకారం నడపండి

డిస్పెన్సరీకి వెళ్ళి మూడు గంటలు కూర్చుని మందులు తెచ్చుకోవడం మీ హక్కు. తెచ్చుకున్నవి వేసుకోవడం మీ దయ. తల తిరిగితే వేసుకోండి, లేకపోతే మానేయండి. ‘నాకు బీపీ ఉన్నట్టే అనిపించదు’ అనేది తిరుగులేని వాదన. అది అనిపించకుండానే పనిచేస్తుందని, మెదడులోని సన్నటి రక్తనాళాల్ని ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా పాడు చేస్తుందని డాక్టరు చెప్పబోతే, మీ క్లాస్‌మేటు సంగతి ఎత్తండి. అతను మాత్రలే వేసుకోడు, గుండ్రాయిలా ఉంటాడు. అతను ఎంతకాలం నుంచి ఫోన్ ఎత్తడం లేదో మాత్రం చెప్పకండి.

రాత్రి ఒంటిగంట దాకా డిబేట్లు చూడండి. మధ్యాహ్నం మూడు గంటలు కునుకు తీయండి. రాత్రి నిద్ర పట్టడం లేదని అందరికీ చెప్పండి.

11. నాలుగు పనుల్లో ఒక్కటే ఎంచుకోండి

ఫిన్లాండ్‌లో ఫింగర్ అనే పరీక్ష జరిగింది. 60 నుంచి 77 ఏళ్ళ మధ్య ఉన్న 1,260 మందిలో సగం మందికి రెండేళ్ళపాటు మంచి తిండి, వ్యాయామం, మెదడుకి శిక్షణ, బీపీ, షుగర్ లాంటివాటి మీద నిఘా: ఈ నాలుగూ కలిపి చేయించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మామూలు సలహాలతో సరిపెట్టుకున్నవాళ్ళకన్నా వీళ్ళ బుర్రలు మెరుగ్గా నిలిచాయి. రహస్యం ‘నాలుగూ కలిపి’ అన్న దగ్గరే ఉంది. కాబట్టి మీరు ఒక్కటే పట్టుకోండి, అదీ తినేది.

ఖారీ బావలీకి వెళ్ళి కిలో అక్రోట్లు తెండి. మెదడు ఆకారంలో ఉంటాయి గనక మెదడుకి పనిచేస్తాయని ఇంట్లో చెప్పండి. సరస్వతీ లేహ్యం సీసా కూడా ఒకటి కొనండి. రెండింటినీ ఫ్రిజ్‌లో ముందు వరసలో పెట్టండి. ఇక ఆ ఏడాదికి మీ బాధ్యత తీరింది.

12. జ్ఞాపకశక్తి పరీక్షకు చీటీ తయారు చేసుకోండి

ఇంత చేసినా పిల్లలు ఊరుకోరు. ఎయిమ్స్‌కి తీసుకెళ్ళి చూపిస్తామంటారు. త్వరగా కనిపెడితే థైరాయిడ్, బి12 లోపం, మనోవ్యాకులత లాంటి నయమయ్యే కారణాలేమైనా ఉన్నాయేమో చూడొచ్చని అంటారు. చూడనివ్వకండి. అక్కడ ఇవాళ ఏ వారం, ఏ నెల, మనం ఏ అంతస్తులో ఉన్నాం, మూడు వస్తువుల పేర్లు తిరిగి చెప్పండి అని అడుగుతారు. బల్లభ్‌గఢ్ అధ్యయనం కోసం చదువు రాని పల్లెవాసులకు కూడా సరిపోయేలా హిందీలో ప్రశ్నావళి తయారు చేశారు, కాబట్టి చదువు సాకు చెల్లదు.

భయపడకండి. యూపీఎస్సీ కాలం నుంచి వస్తున్న విద్య ఉంది. చిన్న చీటీ మీద తేదీ, వారం, నెల, ప్రధానమంత్రి పేరు రాసుకోండి. మడిచి చొక్కా జేబులో పెట్టుకోండి. ఏ జేబులో పెట్టారో మాత్రం ఆవిడకి చెప్పి ఉంచండి.

జాగ్రత్తలు

పైన చెప్పినవి శ్రద్ధగా పాటిస్తున్నా కొన్ని పనులు ఫలితాన్ని చెడగొడతాయి. చెమట పట్టేలా, మాట ఆడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవడం ఒకటి. ఒంటికాలి మీద నిలబడి నిలదొక్కుకోవడం ఇంకొకటి. కొత్త విద్య ఏదైనా మొదలుపెట్టడం అన్నిటికన్నా ప్రమాదం: హార్మోనియం, చదరంగం, పక్కింటి బెంగాలీ ఆయన దగ్గర బెంగాలీ, ఏదైనా సరే. మొదట్లో రాకపోవడమే మెదడుకి కసరత్తు అట, ఆ ఉచ్చులో పడకండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో పెట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడుల పిల్లలకు పద్యాలు నేర్పమని ఎవరైనా అడిగితే నడుంనొప్పి అనండి. ఉగాది నాటకంలో వేషం ఇస్తామంటే ప్రేక్షకుడి వేషం చాలనండి. డైలాగులు కంఠస్థం చేస్తూ నలుగురితో కలిసి రిహార్సల్‌కి తిరిగితే ఇన్నాళ్ళ శ్రమా బూడిదలో పోసిన పన్నీరే.

ఫలితాలు

మూడు నెలలకి: రెండో అంతస్తు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. లిఫ్ట్ పాడైన రోజు ఇంట్లోనే ఉంటారు.

ఏడాదికి: మెట్రో కార్డు పోపులపెట్టెలో దొరుకుతుంది. సబ్జీవాలా మీరు గుమ్మంలో ఉన్నా ‘మాతాజీ కో బులాయియే’ అంటాడు.

మూడేళ్ళకి: నవంబరులో జీవన ప్రమాణ పత్రం కోసం బ్యాంకు దాకా వెళ్ళనక్కర్లేదు. కొడుకు వచ్చి ఫోన్ మీ మొహం ముందు పెడతాడు. మీరు ఉన్నారని ఫోన్ ఒప్పుకుంటుంది.

అయిదేళ్ళకి: మీ పేరు మీదున్న ఫ్లాటు అమ్మాలా ఉంచాలా అని పిల్లలు మీ ఎదురుగానే హిందీలో మాట్లాడుకుంటారు. ‘నాన్నకి చెప్పొద్దా?’ అని ఒకరంటారు. ‘ఆయనకెందుకులే’ అని ఇంకొకరంటారు. ఆ మాట వచ్చిన రోజున మీరు సంపూర్ణంగా రిటైరైనట్టు. తొమ్మిదో చిట్కా సరిగ్గా పాటించి ఉంటే ఆ మాట మీకు వినపడదు కూడా. హాయిగా తలూపండి.